మా జీపు మీటరు దీపాలు

మొక్కలు ఎండలో ప్రయాణం చెయ్యవు. కడియం చుట్టుపక్కల పుట్టి పెరిగినవాళ్ళకి ఈ మాట ఎవరూ చెప్పక్కర్లేదు. పగలంతా కూలీలు కుండీలు మోసి బండి నింపుతారు. పైపు పెట్టి ఆకులన్నీ తడుపుతారు. పొద్దు వాలి గాలి చల్లబడ్డాక బండి కదులుతుంది. పెద్ద లారీలైతే దేశమంతా తిరుగుతాయి. మా జీపులాంటి చిన్నవి తణుకు దాకానో, భీమవరం దాకానో, అటు అమలాపురం దాకానో పోయి మొక్కలు దింపేసి వస్తాయి.

ఆ జీపు మా ఆయన తోలేవారు. ఆయనకి పొలం లేదు. చదువు కూడా నాలాగే అంతంతమాత్రం. చేతికి వచ్చిన పని స్టీరింగు పట్టడం ఒక్కటే. మా పెళ్ళినాటికి వేరేవాళ్ళ లారీ మీద ఉండేవారు. చాలా ఏళ్ళ తరవాత ఈ జీపు కొనుక్కున్నాం. అప్పటికే అది ముసలిది. వెనక సీట్లు పీకించి, అడుగున రేకు కొట్టించి, మొక్కలకి వీలుగా చేయించారు. ఇంట్లో ఉన్నంతసేపూ నోట్లో నాలుక లేనట్టుండే మనిషి, బండి ఎక్కితే మాత్రం కబుర్లపోగు. తాళం తిప్పే ముందు స్టీరింగు మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేవారు. ఊళ్ళో అందరూ ఆయన్ని డ్రైవరు గారనే పిలుస్తారు. అసలు పేరుతో పిలిస్తే ఆయన తనని కాదనుకుని నడిచి వెళ్ళిపోతారు.

అటువంటి మనిషి జీపులో లోపలి దీపాలు పోవడం మొదలైంది. పొద్దు వాలాక తోలలేని బండికి మా ఊళ్ళో లోడు ఇవ్వరు. మా దిగులంతా అక్కడే.

మొదట పోయింది పైకప్పు దీపం. తలుపు తీస్తే వెలిగేది, వేస్తే ఆరేది. నేను క్యారేజీ పెట్టడానికి వెళ్ళినప్పుడు ఆ వెలుతురులోనే సీటు కింద సర్దేదాన్ని. వానాకాలం మొదట్లో ఒకనాడు తలుపు తీస్తే అది వెలగలేదు. ఆయనతో చెప్తే, "దానితో పనేముందే, అన్నం నోటికి దారి తెలియదా," అని నవ్వేశారు.

తరవాత మీటర్లు. స్టీరింగు ముందర ఆ బోర్డులో గుండ్రటి మీటర్లు ఉంటాయి. వేగానికి ఒకటి, డీజిలుకి ఒకటి, ఇంజను వేడికి ఒకటి. ఒక్కోదాని వెనక శనగగింజంత బల్బు ఉంటుంది. అవి మసకబారుతున్నాయని ఆయన గొణగడం మొదలుపెట్టారు. మొదట వారానికోసారి, ఆ తరవాత రోజూ. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే, "ఏమీ కనబడ్డం లేదే. గుడ్డి దీపాలైపోయాయి," అనేవారు.

అదే రోజుల్లో నేను ఇంట్లో కొన్ని చూస్తున్నాను. చెంబులోంచి గ్లాసులోకి నీళ్ళు వంపితే గ్లాసు పక్కన పడేవి. దండెం కట్టిన కొయ్యకి ఎడం భుజం తగిలేది. ఆ కొయ్య మా పెరట్లో ఎప్పటినుంచో అక్కడే ఉంది. చర్చిలో పక్కనే కూర్చున్నాయన చెయ్యి చాపితే మా ఆయన చూడకుండా ముందుకి వెళ్ళిపోయారు. ఆయన చిన్నబుచ్చుకుని నాతో అన్నారు కూడా, "ఏంటమ్మా, డ్రైవరు గారికి మా మీద కోపమా?" అని.

ఒకరోజు అన్నం పెడుతూ అడిగాను. "ఏవండీ, ఓసారి కళ్ళు చూపించుకోకూడదా?"

"కళ్ళకేం? నిక్షేపంలా ఉన్నాయి. బండికే లైట్లు బాగోలేదు."

"రెండూ చూపించుకుంటే పోయిందేముంది."

"కళ్ళు బాగోలేదని ఒక్కళ్ళ చెవిన పడితే చాలు. రేపటినుంచి జీపులో మొక్కలు కాదు, కోళ్ళు గుడ్లు పెట్టుకుంటాయి."

ఆ మాటతో ఆయన భయం నాకు అర్థమైంది. ఇంక నేను రెట్టించలేదు. లోపం బండిదైతే మేస్త్రి బాగుచేస్తాడు. అది బండిదే కావాలని నేనూ దేవుణ్ణి అడుగుతూనే ఉన్నాను.

ముందు ఆయనే చెయ్యి పెట్టారు. స్టీరింగు కింద వెల్లకిలా పడుకుని ఫ్యూజుల పెట్టె మూత తీశారు. నేను ఫోను లైటు పట్టుకున్నాను. చిన్న గాజుగొట్టంలా ఉంటుంది ఫ్యూజు. లోపల తీగ తెగితే దీపాలు ఆరిపోతాయి. దాన్ని తీసి నా చేతికిచ్చి, "తీగ ఉందా, పోయిందా చూడు," అన్నారు. ఉందని చెప్పాను. ఆయన మొహం చిన్నబోయింది. ఫ్యూజు పోయుంటే ఆ రోజుతో బెంగ తీరేదని ఆయన ఆశ.

తరవాత బల్బులు మార్చారు. పాతవి నిజంగానే లోపల నల్లబడి ఉన్నాయి. కొత్తవి పెట్టగానే మీటర్లు పచ్చగా వెలిగాయి. ఆ సాయంత్రం హుషారుగా తణుకు లోడు వేసుకుని వెళ్ళారు. నాలుగు రోజులు ఆ మాటే లేదు. తరవాత ఆ దీపాలు ఆరుతూ వెలుగుతూ ఉండేవి. ఆయన బోర్డు మీద గుప్పిటతో గుద్దేవారు. గుద్దితే వెలిగేవి. "మా పంతులుగారు కూడా నన్నిలాగే వెలిగిద్దామని చూశారు. ఆయన చెయ్యి నొప్పెట్టింది గానీ నేను వెలగలేదు," అని నన్ను నవ్వించారు. కానీ గుద్ది వెలిగించాక కూడా మీటరు ముల్లు ఎక్కడుందో చూడ్డానికి ఫోను లైటు వేసుకుంటున్నారని నాకు తెలుసు. ఒక చెయ్యి స్టీరింగు మీద, ఒక చెయ్యి ఫోను మీద.

ఆ మధ్యే మా ఆయన లైట్లు సరిగ్గా లేవని రెండుసార్లు లోడు వద్దనేశారు. నర్సరీ యజమాని మంచి మనిషే. అయినా ఫోను చేసి నెమ్మదిగా అన్నారు. "ఏంటండీ డ్రైవరు గారూ, మొన్నా ఇదే మాట, ఇవాళా ఇదే మాట. లైట్లు బాగుచేయించుకోండి. పెళ్ళివాళ్ళ మొక్కలు, మాటొస్తుంది. మీకు కుదరకపోతే చెప్పండి, ఇంకో బండి చూసుకుంటాం."

"బుధవారం లోడు నాదేనండి. ఈలోగా చేయించేస్తాను," అన్నారు మా ఆయన.

బుధవారం పొద్దున్నే వేమగిరి దగ్గర హైవే పక్క రేకుల షెడ్డుకి బయల్దేరాం. అక్కడ వైరింగు మేస్త్రి ఉన్నాడు. మా ఆయన్ని బాబాయ్ గారని, నన్ను పిన్నిగారని పిలుస్తాడు. నేనెందుకని మా ఆయన అన్నా, నేనూ ఎక్కి కూర్చున్నాను.

మేస్త్రి ముందు అంతా విన్నాడు. ఒక చిన్న బల్బుకి రెండు వైర్లు తగిలించి పెట్టుకుంటాడు. వాటి కొసలు అక్కడొకటి ఇక్కడొకటి ముట్టించి, ఎక్కడిదాకా కరెంటు వస్తోందో చూస్తాడు. స్విచ్చి దాకా వచ్చింది. స్విచ్చి దాటీ వచ్చింది. తలుపు సందులో బొత్తంలా ఉండే చిన్న స్విచ్చి తుప్పుపట్టి లోపలే బిగుసుకుపోయింది. పైకప్పు దీపం వెలగకపోవడానికి కారణం అదేనని చెప్పి మార్చాడు. తలుపు తీస్తే దీపం వెలిగింది. మా ఆయన నా వంక చూసి, "చూశావా," అన్నారు. బండికి జబ్బు దొరికినకొద్దీ ఆయనకి ప్రాణం లేచొస్తోంది.

తరవాత మేస్త్రి మీటరు బోర్డు మరలు విప్పి, బోర్డు మొత్తం ముందుకి లాగి, వెనకాల చెయ్యి పెట్టాడు. పెట్టి ఆగిపోయాడు.

"బాబాయ్ గారూ, ఇదేంటండీ?"

చేతిలో తడి కొబ్బరిపొట్టు. ఇంకా తీస్తే ఇంకా వచ్చింది. దాని మధ్యలో ఒక మొక్క. వేలెడంత బంతిమొక్క, వెలుతురు లేక తెల్లగా దారంలా సాగి ఉంది.

"మీటరు వెనకాల నర్సరీ పెట్టారా? నాకు చెప్పలేదే. నేనూ రెండు గులాబీలు తీసుకునేవాణ్ణి."

మా ఆయన సిగ్గుపడ్డారు. సంగతేమిటంటే, కొబ్బరిపొట్టులో లేత నారు పోసిన ట్రేలు వెనక పెడితే గాలికి వాలిపోతాయని ఆయన వాటిని ముందు అద్దం కింద, మీటరు బోర్డు నెత్తిన వరసగా పెట్టుకునేవారు. టీకి ఆగిన ప్రతిచోటా సీసాతో నీళ్ళు చిలకరించేవారు. మా దగ్గర నారు తోలే చిన్న బండ్లవాళ్ళు చాలామంది ఇదే చేస్తారు. మొక్కకి నీళ్ళు పెట్టామనే చూసుకుంటాం. ఆ నీళ్ళు తరవాత ఎటు పోతాయో మాకెవరికీ పట్టదు. అవి బోర్డు సందుల్లోంచి కారి, వైర్ల మీద పడి, లోపల రేకుకి బిగించిన ఎర్తు వైరు కొసని పచ్చగా చిలుం పట్టించాయి. కరెంటు వచ్చినా వెనక్కి పోయే దారి లేదు, అందుకే దీపాలు అలా కొట్టుకుంటున్నాయని మేస్త్రి చెప్పాడు.

"అదీ సంగతి," అన్నారు మా ఆయన. "నేను చెప్తూనే ఉన్నాను. బండిలోనే ఉంది తేడా."

మేస్త్రి ఆ కొసని ఉప్పుకాగితంతో గీకాడు. రేకు మెరిసేదాకా గీకాడు. కొత్త వైరు వేసి బిగించాడు. బల్బుల చుట్టూ తుడిచాడు. బోర్డు మళ్ళీ పెట్టి స్విచ్చి వేశాడు. మిట్టమధ్యాహ్నం అయింది. ఆ ఎండలో మీటర్లు వెలుగుతున్నాయో లేదో ఎవరికీ తెలియడం లేదు.

"సాయంత్రందాకా ఉంటే తెలుస్తుందండి," అన్నాడు మేస్త్రి.

"సాయంత్రం లోడు ఉందయ్యా. ఇప్పుడే తేలిపోవాలి."

మా బండిలో వానొస్తే మొక్కల మీద కప్పే బరకం ఉంది, నల్లటిది, దళసరిది. దాన్ని తెచ్చి జీపు ముందు భాగమంతా అద్దాలతో సహా కప్పాం. మా ఆయన స్టీరింగు దగ్గర, నేను ఎడం పక్కన. మేస్త్రి ఆయన వైపు తలుపు తీసి బరకం కింద తల దూర్చి నిలబడ్డాడు. పైకప్పు దీపం వెలగకుండా తలుపు బొత్తం వేలితో నొక్కి పట్టుకున్నాడు. లోపల ఉక్క, డీజిలు వాసన. బయట లారీలు పోతున్న చప్పుడు. మధ్యాహ్నం పూట చేసుకున్న ఆ చీకట్లో మీటర్లు ముచ్చటగా వెలిగాయి. చిన్న చిన్న అంకెలు కూడా నాకు కనిపిస్తున్నాయి. నేను నాలుగో తరగతితో ఆపేసిన మనిషిని, అయినా అంకెలొచ్చు. ఇరవై, నలభై, అరవై. వాటి పక్కన డీజిలు మీటరు.

మా ఆయన ముందుకి వంగారు. ఇంకా వంగారు. నుదురు స్టీరింగుకి ఆనింది.

"మసగ్గానే ఉందయ్యా."

మేస్త్రి ఇంకొంచెం లోపలికి వంగాడు. "డీజిలు ముల్లు ఎక్కడుందండీ?" అని అడిగాడు.

"సగంలో ఉంది."

పొద్దున్న వచ్చేటప్పుడు బంకులో ఆగి డీజిలు పోయించుకున్నాం. టాంకు సగం నిండిన మాట నిజమే. కానీ ముల్లు అడుగున పడి ఉంది. నేను చూస్తూనే ఉన్నాను.

"ఆ మీటరు వైరు నేనింకా కలపలేదండి బాబాయ్ గారూ," అన్నాడు మేస్త్రి. చాలా మెల్లగా అన్నాడు.

మా ఆయన ఊపిరి నాకు వినబడుతోంది. ఆయన నుదురు స్టీరింగు మీంచి ఎత్తి, "పెద్ద బల్బు వెయ్యి," అన్నారు.

"పెద్దది వేస్తే ముందు అద్దంలో మెరుస్తుందండి. రోడ్డు కనబడదు."

"వెయ్యమన్నానా."

మేస్త్రి నా వంక చూశాడు. నేను తల దించుకున్నాను. అతను వెళ్ళి తెల్లటి ఎల్‌ఈడీ బల్బు తెచ్చి వేశాడు, వదిలేసిన వైరు కూడా కలిపాడు. మీటరు ట్యూబులైటులా మండింది. దాని నీడ ముందు అద్దంలో తెల్లటి బిళ్ళలా పడింది. మా ఆయన చూసి, "ఆఁ. ఇప్పుడు ఫర్వాలేదు," అన్నారు. ఆయనతో ఇన్నేళ్ళు కాపురం చేశాను. ఆయన ఫర్వాలేదన్నప్పుడు ఏది నిజంగా ఫర్వాలేదో నాకు గొంతులోనే తెలిసిపోతుంది.

వచ్చేటప్పుడు హైవే వదిలి కాలవ గట్టు రోడ్డు మీద వచ్చాం. రెండు వైపులా నర్సరీలే. ఎండ ఇంకా బాగా ఉంది. కొంతదూరం వచ్చాక ఆయన, "వేగం ముల్లు ఎంత మీదుందో చెప్తూ ఉండు. కొత్త బల్బు కదా, సరిగ్గా చూపిస్తోందో లేదో," అన్నారు.

"ముప్పై దాటింది."

"ఊఁ."

"నలభై దగ్గరికొచ్చిందండి. తగ్గించండి."

"తగ్గిస్తున్నానులే."

అప్పుడు నా వైపునున్న నర్సరీ గేటులోంచి ఒకావిడ సైకిలు నడిపించుకుంటూ రోడ్డు మీదికొచ్చింది. సైకిలు వెనకాల బుట్టలో లిల్లీపూలు. మనిషి, సైకిలు, తెల్లటి పూలు, అన్నీ పట్టపగలు ఎండలో ఎదురుగా ఉన్నాయి.

"ఏవండీ, సైకిలు," అన్నాను.

"ఎక్కడ?"

ఆ ఒక్క మాట నా చెవిలో ఇప్పటికీ ఉంది. నేను స్టీరింగు మీద చెయ్యి వేసి ఆయన వైపుకి తిప్పేశాను. ఆయన బ్రేకు తొక్కారు. జీపు మూల సైకిలు బుట్టకి తగిలి బుట్ట కింద పడింది. ఆవిడ తూలింది గానీ పడలేదు. సైకిలు హాండిలు వదలకుండా నిలబడింది.

"ఏంటి బాబాయ్, కళ్ళు ఇంటి దగ్గర పెట్టొచ్చావా? ఇంత మనిషిని కనబళ్ళేదా?" అని గట్టిగా కేకేసింది.

ఆయన ఇంజను ఆపి దిగారు. రోడ్డు మీద వంగి పూలు ఏరడం మొదలుపెట్టారు. ముందున్నవి ఏరుతున్నారు. ఎడం పక్క పడ్డవాటిని అలాగే వదిలేస్తున్నారు. వాటి మీద చెప్పు వేశారు కూడా. ఆవిడ అది చూసింది. నా వంక చూసింది. తరవాత తనే సైకిలు స్టాండు వేసి వచ్చి ఆయన చేతిలో పూలు తీసుకుని, "ఉండండి, నేను ఏరుకుంటాను. మీరు అలా కూర్చోండి," అంది. నువ్వు పోయి మీరు వచ్చింది. ఆ మర్యాదకే ఆయన ఎక్కువ నలిగిపోయారని నాకనిపించింది.

ఆయన కాలవ పిట్టగోడ మీద కూర్చున్నారు. నేను పక్కన కూర్చున్నాను. ఆవిడ పూలన్నీ ఎత్తుకుని, వెళ్ళొస్తానండి అని చెప్పి మరీ వెళ్ళింది. కాలవ నిండుగా పారుతోంది.

"ఇప్పుడు పగలే కదే," అన్నారు.

"పగలేనండి."

"నువ్వు సైకిలు అన్నాక కూడా కనబడలేదు. తగిలాక కనబడింది." నావైపు తిరిగి, "అదే లారీ అయ్యుంటే నీకు తగిలేదేమో," అన్నారు.

నేను ఆయన మోకాలి మీద చెయ్యి వేశాను. ఆయన జేబులోంచి ఫోను తీసి నాకిచ్చి, నర్సరీ యజమానికి కలపమన్నారు. కలిపి ఇచ్చాను.

"నేనండీ. బండి బాగైంది. లైట్లన్నీ వెలుగుతున్నాయి. తప్పేం లేదు బండిలో. నాకే చూపు ఆనడం లేదండి. సాయంత్రం లోడుకి ఇంకెవర్నైనా పెట్టుకోండి. బండి కావాలంటే తీసుకెళ్ళండి, నేను మాత్రం తోలలేను."

అవతల ఆయన ఏదో అడుగుతున్నారు. మా ఆయన, "లేదండి, చాలా రోజుల్నుంచే. నేనే బండి మీదికి తోసేస్తూ వచ్చాను," అని పెట్టేశారు.

మేస్త్రికి నేను ఫోను చేశాను. మోటారు సైకిలు వేసుకుని వచ్చాడు. దాన్ని నర్సరీ గేటు లోపల పెట్టి జీపు ఎక్కాడు. మా ఆయన ఎడం పక్క సీటు దగ్గరికి వెళ్ళి ఒక్క క్షణం నిలబడ్డారు. ఆ సీట్లో ఆయన ఎప్పుడూ కూర్చోలేదు. నేను వెనక రేకు మీద బరకం పక్కన కూర్చున్నాను. దారిలో ఆయన మేస్త్రితో, "ఆ తెల్లబల్బు తీసేసి పాతది వేసెయ్యి నాయనా. తోలేవాడికి రోడ్డు కనబడాలి," అన్నారు. ఆ సాయంత్రం మా జీపులోనే మొక్కలు భీమవరం వెళ్ళాయి, యజమాని పంపిన వేరే డ్రైవరుతో. క్లచ్చి ఎక్కడ పట్టుకుంటుందో, రెండో గేరు ఎలా వెయ్యాలో అతనికి మా ఆయనే దగ్గరుండి చెప్పారు.

మర్నాడు బస్సులో రాజమండ్రి కంటి ఆసుపత్రికి వెళ్ళాం. చుక్కలు వేసి, మిషన్ల ముందు కూర్చోబెట్టి, చివరికి డాక్టరమ్మ మా ఇద్దర్నీ లోపలికి పిలిచింది.

"నీటికాసులు అంటారండి దీన్ని. కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరం దెబ్బతింటుంది. ముందు పక్క చూపు పోతుంది. నొప్పి ఉండదు, అందుకే తెలియదు. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నది నిలబెట్టుకోవాలి. చుక్కలు జీవితాంతం మానకూడదు."

ఆయన అన్నిటికీ తల ఊపారు. లేచే ముందు ఒక్కటే అడిగారు. "పగటిపూట, ఊళ్ళోనే, మెల్లగా తోలుకోవచ్చాండి?"

"వద్దండి," అంది ఆవిడ. "మీకోసం కాకపోయినా, రోడ్డు మీద ఉండేవాళ్ళ కోసం," అంది.

"అలాగేనండి," అన్నారు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నారు. కడియం దగ్గరికొస్తుంటే నర్సరీల ముందు బండ్లు నింపుతున్నారు. ఏం మొక్కలని అడిగారు. మందారాలు, అరటిమొక్కలు అని చెప్పాను. మా స్టాపు వచ్చింది. నేను ముందు దిగి సంచి కింద పెట్టాను. ఆయన బస్సు మెట్టు మీద నిలబడి కిందికి చూశారు. చుక్కలు వేసిన కళ్ళకి ఆ ఎండలో ఏమీ కనబడి ఉండదు. వెనకాలవాళ్ళు దిగమని తొందర చేస్తున్నారు. ఆయన నావైపు చెయ్యి చాపారు. పట్టుకుని దింపాను.